కోతుల కడుపులోని నట్టలు - మన ఊరి మంచినీరు



రామన్నపేట పరిసర గ్రామములందు కోతుల ప్రస్తావన రాగానే పెంకులు పగిలినవని, కూరగాయల పాదులు పాడైనవని చెప్పుకొనుట పరిపాటి. ఆ బాధ సత్యమే. అయితే 2016 వరకు నల్లగొండ జిల్లాలోనుండి నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరియున్న ఈ మండలమున, కంటికి కనబడని మరియొక సంగతిని మీ ముందుంచ దలచితిమి. అది కోతుల ప్రేగులలో నివసించు పురుగులను గూర్చినది. మన ప్రాంతమున వీనిని నట్టలందురు. గొర్రెలకు నట్టల మందు త్రాగించుట మీకు తెలిసినదే.

అడవి కోతికి నట్టలుండుట వింత కాదు. కోతుల మలమును సూక్ష్మదర్శినితో పరీక్షించిన శాస్త్రజ్ఞులు అందు కొరడా ఆకారము గల పురుగు గ్రుడ్లను, స్ట్రాంజిలాయిడిస్ అను సన్నని పురుగు పిల్లలను, ప్రేగు గోడపై బుడిపెలు కలిగించు పురుగును, అమీబాను కనుగొనిరి. అడవిలోని మంద దినమునకొక చోట తిరుగును. తాను మలినపరచిన నేలపై మరల కూర్చుండి తినుట అరుదు. చిక్కు వచ్చునది మనము మేత పెట్టు చోటనే. గుడి మెట్ల యొద్ద, బస్సులు ఆగు తావున, చెత్తకుప్పల ప్రక్కన ప్రతి దినము అరటిపండ్లు, కొబ్బరిచిప్పలు, మిగిలిన అన్నము దొరకుచుండ మంద అచటనే నిలిచిపోవును. తినుటయు విసర్జించుటయు ఒకే నేలపై జరుగును. హనుమంతునిపై భక్తిని మేము ఆక్షేపించుట లేదు. కాని ఆ మేత కోతికి మేలు చేయుచున్నదని మాత్రము ఒప్పుకొనజాలము.

కొరడా పురుగు గ్రుడ్డు నేలపై పడిన క్షణముననే రోగము కలిగింపదు. తడియు వెచ్చదనమును గల మట్టిలో కొన్ని వారములుండి పక్వమగును. పిదప మురికి చేతులతోనో, కడుగని కూరలతోనో నోటిలోనికి పోవును. స్ట్రాంజిలాయిడిస్ పురుగు పిల్లయైతే వట్టికాళ్ల చర్మమును తొలుచుకొనియే లోనికి చొచ్చును. కోతులలోనుండు ఈ జాతి పురుగులలో కొన్ని ఆఫ్రికా, ఆసియా ఖండములందు మనుష్యులకును సోకినట్లు రూఢియైనది. కోతి మలములోని ప్రతి పురుగును మనకు సోకునని భయపడనక్కరలేదు. అమీబాలలోనే చూపునకు ఒకే తీరుగనుండి హాని చేయనివి కలవు. ఇంకొక మాట: ఈ రాకపోకలు ఒకవైపువి కావు. ఊరి చివర బహిర్భూమికి పోవు అలవాటు ఎచట మిగిలియున్నదో, అచట మన నట్టలు కోతులకును చేరును.

ఇక మంచినీటి ట్యాంకు సంగతి. మూతలేని ట్యాంకుపై కోతులు కూర్చుండుట, ఎండకాలమున అందులో దిగి మునుగుట ఎందరో చూచియుందురు. బ్లీచింగు పొడి వేసితిమి గదా యని సభ్యులు తృప్తి పడుదురు. ఆ మందు విరేచనములు కలిగించు సూక్ష్మక్రిములను పెక్కింటిని చంపును గాని, నట్టల గ్రుడ్లను, గట్టి పొరలోనున్న అమీబాను మామూలు మోతాదున చంపజాలదు. మరిగించిన నీటిలో అవి బ్రదుకవు. ఇంటింట నీరు మరిగించుడని చాటించుటకంటె ట్యాంకునకు బరువైన ఇనుపమూత బిగించి, గాలిగొట్టమునకును పొర్లు గొట్టమునకును జాలీ కట్టించుట చౌక. పాఠశాల ట్యాంకుతో మొదలుపెట్టుడు.

మేతలో నట్టల మాత్రలు కలిపి కోతులకు పెట్టరాదా యని కొందరు అడుగుదురు. మందలో బలమైన కోతి పది మాత్రలు మ్రింగును, పిల్లతల్లికి ఒకటియు దక్కదు. తిన్నవానికిని అదే నేలపై మరల సోకును. పట్టి పొరుగూరి పొలిమేరలో వదలుటయు అట్టిదే. నట్టలతో సహా తగవును పొరుగువారికి పంపినట్లగును. కోతులకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయుటకు 2020 లో నిర్మల్ జిల్లాలో కేంద్రము ప్రారంభింపబడినది. అది అటవీశాఖ ద్వారా జరుగవలసిన పని. చెత్తను ఊరి నడుమ నిలువనీయక ప్రతి దినము డంపింగు యార్డునకు చేర్చి కప్పించుట మాత్రము కేవలము పంచాయతీ చేతిలోనిది.

పిల్లల విషయమున ఏర్పాటు సిద్ధముగనే ఉన్నది. 2015 లో ప్రారంభమైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినమున, ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలను అనుసరించి, అంగన్‌వాడీలలోను పాఠశాలలలోను 19 ఏండ్ల లోపువారికి ఆల్బెండజోల్ మాత్రలు ఉచితముగా ఇత్తురు. బడికి రాని పిల్లలే తరచు తప్పిపోవుదురు. ఇటుక బట్టీలకు వలస వచ్చినవారి బిడ్డలు, మేకల వెంట పోవు బిడ్డలు ఆ జాబితాలోనుండరు. ఆ పేర్లు వార్డు సభ్యులే వ్రాసి ఆశా కార్యకర్తకు ముందుగా అందజేయవలెను.