మెథడాలజీ అంటే భయం వద్దు, పదమూడో రూలు చదవండి



మీలో కొందరు పీజీ డిసర్టేషన్ రాస్తున్నారు, కొందరు పీహెచ్‌డీలో చేరారు. గైడు మొదట అడిగేది ఒకటే: "నీ మెథడాలజీ ఏంటి?" ఆ మాట వినగానే చాలామంది బిగుసుకుపోతారు. ఇదేదో పట్నపోళ్ల విద్య, మన గూడేల్లో లేనిది అనుకుంటారు. అట్లా ఏం కాదు. "నువ్వు చెప్పేది నిజమని మేం ఎట్లా నమ్మాలి?" అన్న ప్రశ్నకు ఇచ్చే జవాబే మెథడాలజీ. ఈ ప్రశ్న మనకు కొత్తా? "ఈ పోడు మీదేనని సాక్ష్యం ఏది?" అని మన తాతలను కూడా అడిగారు.

అందుకే ఇవాళ పాఠ్యపుస్తకం పక్కనపెట్టి ఒక చట్టంతో మొదలుపెడదాం. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో నియమాలు వచ్చాయి. అందులో 13వ రూలు తీయండి. హక్కు రుజువుకు ఏమేం పనికొస్తాయో అక్కడ ఉంది. సర్కారు రికార్డులు, మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలు, కోర్టు కాగితాలు. ఇల్లు, గట్టు, బావి, శ్మశానం, దేవతల స్థలం లాంటి ఆనవాళ్లు. వంశవృక్షం. దరఖాస్తు పెట్టినవారు కాకుండా వేరే పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం. పేరున్న సంస్థలు చేసిన అధ్యయనాలు.

ఇప్పుడు ఒక్కోదాని పక్కన ఒక్కో శాస్త్రం పేరు రాసుకోండి. చరిత్ర, భూగోళం, పురావస్తు శాస్త్రం, మానవశాస్త్రం, మౌఖిక చరిత్ర. క్యాంపస్‌లో వేరే వేరే బిల్డింగుల్లో ఉండే డిపార్టుమెంట్లన్నీ ఒక్క రూల్లో కలిసి కూర్చున్నాయి. పైగా ఒకే రకం సాక్ష్యంతో సరిపెట్టొద్దు, ఒకటికి మించి చూడాలని కూడా ఆ రూలే చెప్తుంది. పరిశోధకులు దీన్నే ట్రయాంగులేషన్ అంటారు. ఒక్కో పద్ధతికి ఒక్కో గుడ్డిచోటు ఉంటుంది, ఇంకో పద్ధతి దాన్ని చూపిస్తుంది.

చరిత్ర తీసుకోండి. 1879 రంప తిరుగుబాటు, 1922–24 మన్యం పోరాటం మీద పాత మద్రాసు ప్రభుత్వ కాగితాలు ఉన్నాయి. వాటిలో మనవాళ్లు పితూరీదార్లు. ఆ కాగితం రాసింది ఎవరు? ఎవరికి రాశారు? ఏం దాచారు? చరిత్ర విద్యార్థి మొదట అడగాల్సినవి ఇవి. శత్రువు రాసిన కాగితం కూడా మన సాక్ష్యం కావచ్చు. ఫారెస్టు జరిమానా రశీదు మనల్ని దొంగలుగా చూపడానికి రాసిందే. కానీ ఫలానా ఏడాది, ఫలానా భూమిలో మనం దున్నుతున్నామని కూడా అదే చెప్తుంది. అట్లాంటి రశీదు ఉందనో, లేదనో, ఆ ఒక్క కారణంతో దరఖాస్తు కొట్టేయకూడదని 2012 సవరణ స్పష్టంగా చెప్పింది.

మానవశాస్త్రం పద్ధతి వేరు. అక్కడ ఊర్లో ఉండి, తిని, చూసి రాయాలి. 1940లో కుమ్రం భీమ్ జోడేఘాట్‌లో అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పెట్టుకుంది. ఆయన మార్లవాయిలో ఉండి చూసింది 1948లో రాజ్‌గోండుల మీద పుస్తకంగా వచ్చింది. ఆ రాత మనకు ఇవాళ్టికీ పనికొస్తుంది. కానీ ఆ ప్రశ్నలు బయట నుంచి వచ్చినవి. ఇప్పుడు ప్రశ్న అడిగే వంతు మీది. అయితే జాగ్రత్త. మన ఇంట్లో పుట్టినందుకే మనకు అన్నీ తెలుసు అనుకోవద్దు. రోజూ చూసేదాన్ని మనం రాయం. మగపిల్లలు ఊరి పటేల్‌తో మాట్లాడి వచ్చేస్తారు, ఆడవాళ్ల మాట నోట్‌బుక్‌లోకి రాదు.

భాష మీద పనిచేసేవాళ్లకు గుంజాల గుర్తుండాలి. ఆదిలాబాద్ జిల్లాలోని ఆ ఊర్లో గోండి రాతప్రతులు బయటపడ్డాయి. ఆ లిపి చదవగల పెద్దలు అప్పటికి కొద్దిమందే. వాళ్ల నోటితో చదివించుకుని నేర్చుకున్నారు కాబట్టే ఆ లిపి నిలబడింది. 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. కాబట్టి "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని పదాల జాబితా అడిగి వదిలేయొద్దు. కథ చెప్పించండి, తగువు తీర్చేటప్పుడు మాట్లాడే మాట వినండి. భాష అక్కడ ఉంటుంది.

గణాంకాలు చేసేవాళ్లూ, శాంపిల్ ఎక్కడ తీశారో చూసుకోండి. తారురోడ్డు పక్క ఇళ్లకే వెళ్లడం, వానలు తగ్గాకే రావడం, పెద్దమనుషులతోనే మాట్లాడటం. రాబర్ట్ చాంబర్స్ 1983లోనే ఈ జబ్బుల గురించి రాశాడు. మన దగ్గర జ్వరాలు, ఆకలి ముదిరేది వానాకాలంలో. వాగు పొంగి దారి తెగినప్పుడు సర్వే చేసేవాడు రాడు. అప్పుడు లెక్క తప్పు లేకపోయినా నిజం తప్పుతుంది.

జీఐఎస్ చేసేవాళ్లకూ ఇదే మాట. పోడు భూమిని కొన్నేళ్లు దున్ని, కొన్నేళ్లు వదిలేస్తాం. వదిలేసిన ఏడాది తీసిన ఉపగ్రహ చిత్రంలో అది అడవిలాగే కనిపిస్తుంది. ఆ బొమ్మ మిగతా సాక్ష్యానికి తోడు మాత్రమే, దానికి బదులు కాదని 2012 సవరణలోనే ఉంది. ఈ ముక్క మీ థీసిస్‌లోనూ ఉండాలి, గ్రామసభ తీర్మానంలోనూ ఉండాలి.

బోటనీ, ఫార్మసీ పిల్లలు కేరళ కాణి ఆదివాసుల సంగతి చదవాలి. 1987లో అడవిలో దారి చూపిస్తూ, అలసట తీరడానికి వాళ్లు నమిలే ఆరోగ్యపచ్చ అనే మొక్క శాస్త్రవేత్తల కంటపడింది. దాన్నుంచి 'జీవని' మందు తయారైంది. లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణి సమాజానికి ఇవ్వాలని ఆ సంస్థ నిర్ణయించింది. అంటే మొక్క పేరు చెప్పిన మనిషి కేవలం "ఇన్ఫార్మెంట్" కాదు, ఆ జ్ఞానానికి యజమాని. మన పసరు మందులు రాసుకునేముందు గ్రామసభను అడగండి. చెప్పొద్దన్నది రాయొద్దు.

ఇదంతా డిగ్రీ కోసమే అయితే ఇంత గట్టిగా చెప్పను. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, హక్కు దరఖాస్తులు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించమంది. దేశమంతా లేచాక, అదే నెల 28న ఆ ఉత్తర్వును నిలిపి, తిరస్కరించేటప్పుడు పద్ధతి పాటించారా లేదా చెప్పమని రాష్ట్రాలను అడిగింది. చూశారా, అక్కడా ప్రశ్న పద్ధతి గురించే. సాక్ష్యం సరిగ్గా రాసిపెట్టే మనిషి లేని ఊర్లో ఒక కుటుంబం బతుకు ఒక్క సంతకంతో పోతుంది. ఆ రాసే మనిషి మీరు కావాలి.

కాబట్టి నాలుగు పనులు చేయండి. ఒకటి, మీ టాపిక్ మీద శోధ్‌గంగలో ఉన్న పాత థీసిస్‌లు దించుకుని, మన గురించి ఎవరు ఏం రాశారో, ఏం వదిలేశారో చూడండి. రెండు, ఈ సెలవుల్లో మీ ఊరి పెద్దల మాట వాళ్ల అనుమతితో రికార్డు చేయండి. తేదీ, చోటు, చెప్పినవారి పేరు వెంటనే రాయండి. పేరు వద్దంటే రాయకండి. మూడు, వాళ్లు చెప్పిన బావి, గట్టు, శ్మశానం దగ్గరికి నడిచి వెళ్లి, ఫోన్‌లో జీపీఎస్ గుర్తు పెట్టుకోండి. నాలుగు, థీసిస్ అయిపోయాక పది పేజీల్లో మన భాషలో రాసి గ్రామసభలో చదవండి. మీ వైవా యూనివర్సిటీలో సగమే అవుతుంది. మిగతా సగం అక్కడ, చెట్టు కింద. తప్పు రాస్తే ముసలమ్మ లేచి "అట్లా కాదు బిడ్డా" అంటుంది. ఆ దిద్దుబాటు కూడా రాసుకోండి.

జై ఆదివాసీ. జోహార్.