గుండె దడ, టెన్షన్, చైనా మూలికలు: రీల్ చూసి ఆర్డర్ పెట్టొచ్చా?

ఈ ఎపిసోడ్ మీలో చాలామంది అడిగిన ఒక ప్రశ్న గురించి. "అన్నా, రాత్రి పడుకుంటే గుండె దడదడా కొట్టుకుంటోంది. ఈసీజీ తీయించా, నార్మల్ అన్నారు. టెన్షన్ అంతే, ఏం లేదు పో అన్నారు. చైనా హెర్బల్ మందుతో తగ్గుతుందని రీల్ చూశా. ఆర్డర్ పెట్టనా?"

నేను ఎంబీబీఎస్ చైనాలో చదివాను. అక్కడ చదివిన మన తెలుగువాళ్లకి తెలుసు, మా కోర్సులో చైనా సంప్రదాయ వైద్యం కూడా ఒక సబ్జెక్టు. అందుకే చదివింది, చూసింది చెప్తా. ఆ వైద్యాన్ని ఎగతాళి చెయ్యను, అలాగని అమ్మను కూడా.

అసలు విషయం ముందే చెప్పేస్తా. ఆ వైద్యం మీ దడని నిజమైన బాధగానే చూస్తుంది. అది మంచి విషయం. కానీ ఆ మూలికల్లో కొన్ని నేరుగా గుండె మీద పనిచేస్తాయి. కాబట్టి చూసి కొనుక్కునే వస్తువులు కావవి.

ముందు వాళ్లు గుండెని ఎలా చూస్తారో చూద్దాం. చైనీస్‌లో గుండెని 'శిన్' అంటారు. మనసు అన్నా అదే మాట. "దిగులుపడకు" అనడానికి 'ఫాంగ్ శిన్' అంటారు. అంటే గుండెని కింద పెట్టెయ్ అని. సంతోషం అంటే 'కాయ్ శిన్', గుండె తెరుచుకోవడం. మనం మాత్రం? భయమేస్తే గుండె జారిపోయింది అంటాం, చెడు వార్త వింటే గుండె గుభేల్మంది అంటాం. భాషలో మనమూ గుండెనీ మనసునీ విడదీయలేదు.

వాళ్ల వైద్యం కూడా విడదీయలేదు. రెండు వేల ఏళ్ల నాటి 'హ్వాంగ్‌ది నెయ్‌జింగ్' అనే గ్రంథం ప్రకారం శరీరానికి గుండె రాజు. 'షెన్', అంటే మన స్పృహ, ఆలోచన, ఉండేది గుండెలోనే. షెన్ కుదురుగా లేకపోతే దడ, నిద్ర పట్టకపోవడం, ఉలికిపాటు, మతిమరుపు అన్నీ కలిసి వస్తాయంటారు. దడలో రెండు రకాలు కూడా చెప్తారు. ఏదో భయం వల్ల వచ్చి పోయేది 'జింగ్‌జి'. కారణం లేకుండా ఎప్పుడూ ఉండేది 'ఝెంగ్‌చోంగ్', దీన్ని ఎక్కువ సీరియస్‌గా తీసుకుంటారు.

అక్కడ ఓపీలో డాక్టర్ రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు పెట్టి నాడి చూస్తారు. నాలుక చూస్తారు. నిద్ర ఎలా ఉంది, కలలొస్తున్నాయా, చెమట పడుతోందా, ఆకలి ఎలా ఉంది, ఆడపిల్లలైతే పీరియడ్స్ ఎలా ఉన్నాయి, అన్నీ అడుగుతారు. రీల్స్‌లో ఈ సీన్ బాగా చూపిస్తారు. చూపించనిది ఏంటంటే, ఆ పెద్ద సంప్రదాయ ఆసుపత్రుల్లో ఈసీజీ మెషీన్, రక్త పరీక్షల ల్యాబ్ కూడా ఉంటాయి. అవసరమైతే ఆ రిపోర్టులు కూడా చూసే మూలికలు రాస్తారు.

మందుల సంగతికొద్దాం. సుమారు 1800 ఏళ్ల కిందట ఝాంగ్ ఝోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన కషాయాలు ఇప్పటికీ వాడుతున్నారు. ఒకటి 'గాన్ మాయ్ దా జావ్ తాంగ్': అతిమధురం, గోధుమలు, 10 రేగుపండ్లు, అంతే. ఊరికే ఏడుపొచ్చి మనసు నిలవని వాళ్లకి ఇస్తారు. రెండోది నిద్ర పట్టనివాళ్లకి, అందులో ముఖ్యమైనది అడవి రేగు గింజ. మూడోది 'ఝి గాన్ త్సావ్ తాంగ్', నాడి మధ్యమధ్యలో ఆగి దడ వచ్చేవాళ్లకి. దీంట్లోనూ అతిమధురమే ప్రధానం. ఈ కాలంలో అయితే 'వెన్‌శిన్ కెలి' అని నీళ్లలో కలుపుకునే పొడి దొరుకుతుంది. అందులో మన జటామాంసి జాతి మొక్క ఉంటుంది.

పనిచేస్తాయా? పరిశోధనలు చాలానే జరిగాయి, ఎక్కువ భాగం చైనాలోనే. చాలావాటిలో పేషెంట్లు తక్కువ, పద్ధతి బలహీనం. కొన్ని ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి, కానీ ఖాయంగా తగ్గుతుందని చెప్పేంత రుజువు లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. పానిక్ అటాక్ మామూలుగా 10 నిమిషాల్లోపే పీక్‌కి వెళ్లి, తర్వాత దానంతటదే దిగుతుంది. ఆ టైమ్‌లో మీరు కషాయం తాగినా, మజ్జిగ తాగినా, తగ్గించిన క్రెడిట్ దానికే వెళ్తుంది.

అసలు ఆ దడ ఎందుకొస్తుంది? భయపడితే అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఆ వేగం గమనించి "నాకేదో అయిపోతోంది" అనుకుంటాం. ఆ భయానికి ఇంకా అడ్రినలిన్, ఇంకా దడ. ఇలా చక్రం తిరుగుతుంది. ఇది ఫోన్లు వచ్చాక పుట్టింది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుల్లో ఇలాంటి దడ గురించి డా కోస్టా అనే డాక్టర్ 1871లోనే రాశాడు. గుండెలో జబ్బు కనపడలేదు, బాధ మాత్రం నిజం. మీ రిపోర్ట్ నార్మల్ వచ్చినా అంతే, మీరు నటిస్తున్నారని కాదు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. అతిమధురం ఎక్కువ రోజులు, ఎక్కువ మోతాదులో తీసుకుంటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. అంటే దడకి వేసుకున్న మందే దడ తెప్పించొచ్చు. 'ఫుజి' అనేది మన వత్సనాభి జాతి వేరు. సరిగ్గా శుద్ధి చెయ్యకపోతే, చాలాసేపు ఉడికించకపోతే ప్రాణం తీస్తుంది. మనసుని శాంతపరుస్తాయని చెప్పే కొన్ని పాత మాత్రల్లో ఇంగిలీకం ఉంటుంది, అంటే పాదరసం ఉన్న ఖనిజం. 'దాన్‌షెన్' అనే వేరు, రక్తం పల్చబడటానికి వాడే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మూలికల పేరుతో అమ్మే మాత్రల్లో చెప్పకుండా అల్లోపతి మందులు కలిపినవి చాలా దేశాల్లో పట్టుబడ్డాయి.

చైనాలో ఇవి రాసే డాక్టర్ మీ ముందుంటాడు, వారం తర్వాత మళ్లీ నాడి చూసి మందు మారుస్తాడు. ఆన్‌లైన్‌లో మీకు దొరికేది డబ్బా మాత్రమే.

మరి ఏం చెయ్యాలి? దడ ఉన్నప్పుడే ఈసీజీ తీయించగలిగితే మంచిది. వచ్చి పోతుంటే 24 గంటలు రికార్డు చేసే హోల్టర్ ఉంటుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్ తప్పకుండా చూపించుకోండి. చైనా వైద్యంలో 'గుండెకి రక్తం చాలకపోవడం' అని ఒక రకం ఉంది: మొహం పాలిపోవడం, కళ్లు తిరగడం, దడ. అది వింటే నాకు ముందు రక్తహీనత గుర్తొస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. హాస్టల్లో టిఫిన్ మానేసి, దడ వస్తే టెన్షన్ అనుకునే చెల్లెళ్లూ, ముందు ఆ టెస్టు చేయించుకోండి. కాఫీ, ఎనర్జీ డ్రింక్, సిగరెట్, రాత్రి రెండింటిదాకా ఫోన్, ఇవి కూడా లెక్కలోకే వస్తాయి.

స్పృహ తప్పినా, పరిగెత్తేటప్పుడో మెట్లెక్కేటప్పుడో ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, టెన్షన్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. గుండె డాక్టర్‌కి చూపించుకోండి. ఆ క్షణంలోనే పరిస్థితి బాలేకపోతే 108కి ఫోన్ చెయ్యండి. డాక్టర్ ఇచ్చిన ప్రొప్రనొలాల్ లాంటి మందుల్ని మూలిక దొరికింది కదా అని హఠాత్తుగా ఆపొద్దు.

అన్నీ నార్మల్ వస్తే టెన్షన్ అనే మాటతో కథ ముగిసినట్టు కాదు. ఆందోళనకి కౌన్సెలింగ్ ఉంది, మందులు ఉన్నాయి, పనిచేస్తాయి. 14416, టెలీ మానస్, ఫ్రీ నంబర్, తెలుగులో మాట్లాడతారు. దడ మొదలైనప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. చైనావాళ్ల చిట్కా ఒకటి కూడా వాడుకోవచ్చు. మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల దూరంలో, రెండు నరాల్లా కనిపించే ఆ తంతువుల మధ్య 'నెయ్‌గ్వాన్' అనే బిందువు ఉంటుంది. బొటనవేలితో మెల్లగా నొక్కండి. మహా అయితే ఫలితం ఉండదు, నష్టం మాత్రం లేదు. అలాగని నొక్కుకుంటూ కూర్చుని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చెయ్యకండి.

చివరిగా ఒక పని. ఈ వారం ఫోన్ నోట్స్‌లో రాయండి: దడ ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, ముందు ఏం తాగారు, ఎంత నిద్రపోయారు, పీరియడ్స్ ఎప్పుడు. చైనాలో ఆ డాక్టర్ నాడి పట్టుకుని అడిగేవి ఇవే. మీ డాక్టర్ హడావిడిలో అడగకపోయినా, ఆ నోట్ తీసి చేతిలో పెట్టండి.

ఇంట్లో ఎవరికైనా పనికొస్తుందనిపిస్తే ఇది పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.