విడాకుల తరువాత బీమా సొమ్ము ఎవరిది?



శ్రీకాకుళం జిల్లా నుంచి బెంగళూరుకు వచ్చి సెంట్రింగు పని చేసుకునే ఒక వ్యక్తి ఉన్నాడనుకోండి. పెళ్లయిన ఏడాదే జీవిత బీమా తీసుకుని, నామినీగా భార్య పేరు రాయించాడు. పదేళ్లకు ఇద్దరూ పరస్పర అంగీకారంతో విడిపోయారు. కూతురు వాళ్లమ్మ దగ్గర పెరుగుతున్నది. పాలసీ బాండు మాత్రం ఊళ్లో అతని తల్లి ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. మరి రెండేళ్లకు అతడు మరణించాడు. కాగితం మీద నామినీ ఇప్పటికీ మాజీ భార్యే. సొమ్ము ఎవరికి చెందుతుంది?

విడాకుల డిక్రీ వచ్చినంత మాత్రాన నామినేషన్ దానంతట అది రద్దు కాదు. 1938 నాటి బీమా చట్టం 39వ సెక్షన్‌లో అటువంటి నియమం లేదు. ప్రావిడెంట్ ఫండ్ సంగతి వేరు. అక్కడ కుటుంబం లేనప్పుడు రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. ఈ రెండింటినీ కలగలిపి చెప్పుకోవడం మనవారిలో తరచు కనిపించే పొరపాటు. మార్పు సంగతి లిఖితపూర్వకంగా అందనంతవరకు, రికార్డులో ఉన్న నామినీకి సద్భావంతో చెల్లించిన కంపెనీపై ఆ తరువాత బాధ్యత ఉండదు.

అయితే సొమ్ము చేతికి రావడం వేరు, సొంతం కావడం వేరు. నామినీ సొమ్మును స్వీకరించే వ్యక్తి మాత్రమేననీ, అది వారసులకే చెందుతుందనీ శర్బతీ దేవి కేసులో 1983లో సుప్రీంకోర్టు తేల్చింది. 2015 సవరణ దీనిని కొంత మార్చింది. తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే సొమ్ము వారి సొంతమే అవుతుంది. మరి విడాకులు పొందిన స్త్రీ జీవిత భాగస్వామి అవుతుందా? పేరు రాయించిన రోజున భార్య, అతడు పోయిన రోజున కాదు. సవరణ ఈ సందర్భాన్ని విడిగా చెప్పలేదు. తగవు పుట్టేది అక్కడే. వారసత్వానికి వస్తే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మాజీ భార్య వారసురాలు కాదు. వీలునామా లేకపోతే కూతురు, అతని తల్లి మొదటి తరగతి వారసులు. “ఆ పిల్ల వాళ్లమ్మతో వెళ్లిపోయింది కదా” అనే మాట చట్టం ముందు నిలవదు. భార్య పాలసీలో మాజీ భర్త నామినీగా మిగిలిపోయినా, నామినేషన్ విషయంలో ఇదే పద్ధతి.

1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకున్న పాలసీ మాత్రం వేరు. అది భార్యాపిల్లల కోసం ఏర్పడిన ట్రస్టు. అందులో రాసిన పేరును భర్త తన ఒక్కడి ఇష్టంతో తీసివేయలేడు.

విడాకుల ఒప్పందంలో నగలు, మంచం, బీరువా దాకా రాసుకుంటారు, పాలసీని మరచిపోతారు. ప్రీమియం ఎవరు కట్టాలో, సొమ్ము ఎవరికి రావాలో అందులోనే రాయించుకోవాలి. భరణానికి భద్రతగా పాలసీ ఇస్తానంటే నామినీగా పేరు ఉంటే చాలదు, రేపు అతడు దానిని మార్చివేయగలడు. 38వ సెక్షన్ కింద పాలసీనే ఆమె పేర బదలాయించాలి. ఆ బదలాయింపుతో పాత నామినేషన్ రద్దవుతుంది.

ఇక మార్చదలచినవారు కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకోవాలి. కొత్త నామినీ మైనరైతే, ఆ బిడ్డ తరఫున సొమ్ము అందుకునే పెద్ద పేరు కూడా చేర్చవచ్చు. విడిపోయిన తల్లినే అలా రాయడానికి ఏ అడ్డంకీ లేదు.