పశువుల కొట్టమునకు గాలిదారులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో వేసవియెండకు కప్పు కాగి, పశువుల యూర్పులు తోడై, కొట్టములోని గాలి వెలుపలి గాలికంటె వేడెక్కును. వేడి హెచ్చినకొలది గాలియందలి అణువులు వడిగా చలించుచు ఒండొంటికి దూరమగును. అందుచే గాలి పలుచనై తేలికయగును. 30 సెంటీగ్రేడు డిగ్రీల గాలి 45 డిగ్రీలకు కాగినచో దాని పరిమాణము నూటికి సుమారు 5 వంతులు పెరుగును. ఊర్పులలోని నీటియావిరి దానిని మరికొంత తేలిక చేయును. బరువైన చల్లగాలి క్రిందినుండి చొచ్చి, ఈ వేడిగాలిని పైకి నెట్టును.

పైన దారి లేనిచో ఆ సెగ కప్పుక్రిందనే నిలిచిపోవును. పశువులు రొప్పును, పాలు తగ్గును, కాడెద్దులు డస్సిపోవును. కావున కప్పు కొప్పువెంట సందు విడిచి, వాన పడకుండ దానిపై చిన్నకప్పు వేయవలెను. గోడల యడుగున కంతలుంచవలెను. క్రిందిదారి మూసినచో పైదారి చక్కగా పనిచేయదు. కొట్టము కట్టునపుడే రెండును అమర్చుట మేలు.