రైల్వే ఉద్యోగుల జట్టు, పోలీసు ఉద్యోగుల జట్టు

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం, ఆటలు అనే విషయంపై నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. పొద్దున్నే నడవండి, ఉప్పు తగ్గించండి అని చెప్పడానికి మనకు డాక్టర్లున్నారు. ఇంట్లో కోడళ్లు, మనవలు ఉండనే ఉన్నారు. భద్రాచలం ఏజెన్సీలో 30 ఏళ్లకు పైగా డ్రిల్లు సారుగా పనిచేసినవాణ్ణి గనుక నేను ఆటల సంగతే చెబుతాను. అందులోనూ ఉద్యోగుల నుంచి పుట్టిన రెండు ఫుట్‌బాల్ జట్ల చరిత్ర చెబుతాను. ఒకటి దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశానిది. రెండోది మన హైదరాబాదుది. మొదటిది పుట్టి 130 ఏళ్లు దాటింది, ఇప్పటికీ నిండుగా బతికి ఉంది. రెండోది ఒకప్పుడు దేశంలోకెల్లా మేటి జట్టు. ఇప్పుడు మన మనవలకు దాని పేరైనా తెలియదు. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

ముందు ఆ దూరదేశపు జట్టు సంగతి. ఉరుగ్వే చాలా చిన్న దేశం. జనాభా సుమారు 35 లక్షలు. 2011 లెక్కల ప్రకారం మన పాత ఖమ్మం జిల్లా జనాభాయే 28 లక్షలకు కాస్త తక్కువ. అంటే మన జిల్లాకంటే ఏమంత పెద్దది కాదన్నమాట. అక్కడ ఇంగ్లీషువారి కంపెనీ ఒకటి రైళ్లు నడిపేది. రాజధాని మాంటెవిడియో శివార్లలో పెన్యరోల్ అనేచోట ఆ కంపెనీ వర్క్‌షాపులు ఉండేవి. 1891 సెప్టెంబరు 28న ఆ రైల్వే ఉద్యోగులు 118 మంది కలిసి ఒక క్రీడాసంఘం స్థాపించుకున్నారు. వారిలో 72 మంది ఇంగ్లీషువారు, 45 మంది ఉరుగ్వే వారు, ఒకరు జర్మన్. మొదట క్రికెట్ ఆడారు. మరుసటి ఏడాదికల్లా ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. రైలింజన్ల బొగ్గుమసి కారణంగా ఆ జట్టువారికి బొగ్గువాళ్లు అని పేరొచ్చింది. ఆ పేరును వారు నేటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. బొగ్గు, రైలు, ఇంగ్లీషు దొరలు, స్థానిక కార్మికులు... ఇక్కడా అవే, అక్కడా అవే. కనుక ఆ బొగ్గువాళ్ల కథ మన కొత్తగూడెం, ఇల్లెందు మిత్రులకు పరాయి కథ అనిపించదు.

కొన్నేళ్లకు ఆ కంపెనీవారికి ఈ జట్టు భారమనిపించింది. ఆటల పోటీ పెరిగింది, జనం గుంపులుగా రాసాగారు, అల్లర్లు కూడా జరిగేవి. కంపెనీ మెల్లగా చెయ్యి వదిలింది. ఆ సమయంలో సభ్యులు జట్టును మూసెయ్యలేదు. 1913, 14 సంవత్సరాల్లో దాన్ని కంపెనీ నుంచి విడదీసి, ఆ పేట పేరే పెట్టుకుని, పెన్యరోల్ క్లబ్బుగా కొనసాగించారు. రైల్వే ఉద్యోగి కానివాడు కూడా చందా కట్టి సభ్యుడు కావచ్చు, క్లబ్బు పెద్దలను ఓటేసి ఎన్నుకోవచ్చు. వారి ప్రత్యర్థి నాసియొనాల్ క్లబ్బు 1899లో పుట్టింది. మీరు పుట్టింది 1913లో, కాబట్టి మేమే పెద్ద అని వారూ, మాది 1891 అని వీరూ నేటికీ వాదించుకుంటారు. మనలో సీనియారిటీ లిస్టు తగాదాలున్నట్టే క్లబ్బులకూ ఉన్నాయి!

ఉరుగ్వేలో 1932లో జీతాలిచ్చి ఆడించే పద్ధతి వచ్చింది. ఆ ఏడాది తొలి ఛాంపియన్ పెన్యరోలే. 1950లో ప్రపంచ కప్పు నిర్ణాయక పోటీలో ఉరుగ్వే 2-1తో బ్రెజిల్‌ను బ్రెజిల్‌లోనే ఓడించింది. ఆ రెండు గోల్సు కొట్టిన స్కియాఫినో, గిజియా పెన్యరోల్ ఆటగాళ్లు. జట్టు నాయకుడు వరేలా కూడా ఆ క్లబ్బువాడే. 1960లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు లిబర్తదోరెస్ మొదలైతే తొలి విజేత పెన్యరోల్. ఆ కప్పును మొత్తం ఐదుసార్లు గెలిచింది. 2016లో సొంత స్టేడియం కట్టుకుంది.

ఇక మన సంగతికి వద్దాం. ఆ 1950 ప్రపంచ కప్పుకు మన దేశానికి కూడా అవకాశం వచ్చింది, కాని మన జట్టు వెళ్లలేదు. అదే ఏడాది బొంబాయి రోవర్స్ కప్పులో హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు విజేతగా నిలిచింది. పెన్యరోల్ పుట్టిన 1891లోనే మొదలైన పోటీ ఇది. తొలిరోజుల్లో తెల్లసైనికుల పటాలాలదే రాజ్యం. మన పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఆ కప్పును ఎవరికీ వదల్లేదు. ఆ పోటీ చరిత్రలో ఇంకెవరూ అలా గెలవలేదు. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957లలో గెలిచింది. ఆంధ్రా పోలీస్ అన్న పేరు వచ్చాక 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్ గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి రోవర్స్ పంచుకుంది.

కలకత్తా క్లబ్బుల వెనక పెద్ద పెద్ద ధనవంతులుండేవారు. మన జట్టు వెనక ఉన్నది పోలీసు ఉద్యోగం. ఆటగాడికి అందులో దొరికేది నెల జీతం, దానితోపాటు రేపటి భోజనానికి ఢోకా లేదన్న ధైర్యం. ఆ ధైర్యం విలువ మనలాంటి ఉద్యోగులకు ఒకరు చెప్పనక్కరలేదు.

రెండోది, ఆ జట్టుకు దొరికిన గురువు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. వృత్తిరీత్యా బడిపంతులు. అందుకే అందరూ రహీం సాబ్ అని గౌరవంగా పిలిచేవారు. బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకుని ఒక్కడే చెలరేగిపోయే ఆటను ఆయన మాన్పించారు. డ్రిబ్లింగు చెయ్యకూడదు అనే నియమంతో పోటీలు పెట్టారు. కుడికాలివాటం వాడు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టారు. మనం బడిలో పిల్లవాడికి రాని లెక్కనే పదిసార్లు చేయిస్తాం చూడండి, అదే పద్ధతి.

మూడోది, పేదపిల్లవాడి అవసరం కనిపెట్టే మనసు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే కుర్రవాడు ఉండేవాడు. ప్రాక్టీసుకు హైదరాబాదు రావడానికి అతని దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిలుకని రహీం గారు రోజుకు ఒక రూపాయి ఇచ్చేవారట. ఇది బలరామ్ గారే తరువాత చెప్పుకున్న సంగతి. ఆ బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడారు. 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చారు.

రహీం గారు దేశపు జట్టుకు కూడా శిక్షకులే. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనం స్వర్ణం గెలిచాం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడాం. నాటికింకా మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడేవారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచాం. బలరామ్‌తోపాటు నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. 1962లో జకార్తాలో లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. అప్పుడు నేను హైస్కూలు విద్యార్థిని. మా ఊళ్లో ఆ వార్త పేపరులో వచ్చిన రోజున పేపరు చదవడం రానివారు కూడా దాన్ని చేత్తో పట్టుకు చూశారు.

ఆ విజయం తరువాత ఏడాదైనా తిరక్కుండానే, 1963 జూన్ 11న, రహీం గారు క్యాన్సరుతో కన్నుమూశారు. 1966లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత మన రాష్ట్రానికి ఆ కప్పు రాలేదు. మంచి ఆటగాళ్లు కలకత్తా దారి పట్టారు. బలరామ్ అంతకుముందే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. నయీముద్దీన్ వెళ్లారు, మొహమ్మద్ హబీబ్ వెళ్లారు. 1970 ఏషియన్ గేమ్స్‌లో మనకు కాంస్యం వచ్చినప్పుడు నయీమే నాయకుడు. 1977లో ప్రఖ్యాత బ్రెజిల్ ఆటగాడు పెలే తన కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చి మోహన్ బగాన్‌తో 2-2గా ఆడితే, బగాన్ తరఫున ఒక గోలు కొట్టింది మన హబీబే. కాని ఆ కీర్తి హైదరాబాదు జట్టు లెక్కలో చేరలేదు. హబీబ్, బలరామ్ ఇద్దరూ 2023లోనే కాలం చేశారు.

వారు వెళ్లడం తప్పని నేననను. పొట్టకోసం అందరం బదిలీలు చేసుకున్నవాళ్లమే. పెన్యరోల్ నుంచి కూడా మంచి ఆటగాళ్లు యూరపుకు పోయారు. స్కియాఫినో, గిజియా ఇద్దరూ ఇటలీ వెళ్లారు. అయినా క్లబ్బు నిలిచింది, ఎందుకంటే క్లబ్బుకు సొంతదారులు ఊళ్లోనే ఉన్నారు. మన పోలీసు జట్టుకు చప్పట్లు కొట్టినవారు లక్షలమంది. కాని అందులో సభ్యత్వం ఉన్న పౌరుడు ఒక్కడూ లేడు. శాఖ ఉద్యోగాలిచ్చినంత కాలం, గురువు బతికినంత కాలం జట్టు వెలిగింది. తరువాత దాన్ని అడిగే హక్కు, నిలబెట్టే బాధ్యత ఊరికి లేకపోయింది.

అక్కడ జనానికి ఫుట్‌బాల్ పిచ్చి, ఇక్కడ క్రికెట్ పిచ్చి, అదే కారణం అని కొందరంటారు. అందులో కొంత నిజం ఉంది. కాని 1950లలో హైదరాబాదులో ఫుట్‌బాల్‌కు జనాదరణ తక్కువేమీ కాదు. డబ్బే కారణం అనేవారికి మరో ఉదాహరణ చెబుతాను. 2019లో పెట్టుబడిదారులు హైదరాబాద్ ఎఫ్.సి. అనే ప్రొఫెషనల్ క్లబ్బు పెట్టారు. 2022 మార్చిలో అది ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది కూడా. తరువాత ఆర్థికంగా చిక్కుల్లో పడింది, యాజమాన్యం మారింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఊరు పేరు పెట్టుకున్న జట్టు ఊరినే విడిచిపోతుంటే ఆపే హక్కు ఎవరికీ లేకపోయింది. రహీం గారి జీవితంపై 2024లో మైదాన్ అనే హిందీ చిత్రం వచ్చింది. ఆయన పేరు మళ్లీ నలుగురి నోటా వినబడింది, సంతోషమే. కాని సినిమా చూసి వచ్చిన పిల్లవాడు, తాతా, ఆ జట్టు ఇప్పుడెక్కడ ఆడుతుంది అని అడిగితే చెప్పడానికి మన దగ్గర జవాబు లేదు.

ఇక మన ప్రాంతపు మాట. నేను ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలలో ఉండగా కోయపిల్లలతో ఒక ఫుట్‌బాల్ జట్టు తయారైంది. అడవిదారిలో మైళ్లు నడిచే పిల్లలు, దమ్ముకు లోటేముంది? బూట్లు లేవు, ఉన్నది ఒక్కటే బంతి. అయినా వారు ఒకరికొకరు బంతి అందించుకునే తీరు చూసి పై ఊళ్ల జట్లు బెదిరేవి. తరువాత నాకు బదిలీ వచ్చింది. ఆరు నెలలు తిరగకుండా జట్టు చెదిరిపోయింది. పిల్లలు మారలేదు, మైదానం మారలేదు. జట్టును తనదనుకునే మనిషి ఊళ్లో లేకపోయాడు, అంతే. రహీం గారితో పోల్చుకునే సాహసం చెయ్యను గాని, ఒక్క మనిషి మీద ఆధారపడిన జట్టు గతి పెద్దదైనా చిన్నదైనా ఒకటే.

అందుచేత మన సంఘం ముందు రెండు మనవులు ఉంచుతున్నాను.

మొదటిది. మనలో సింగరేణివారున్నారు, అటవీశాఖవారున్నారు, రెవెన్యూ, పోలీసు, ఉపాధ్యాయ మిత్రులున్నారు. తమ శాఖ జట్టులో ఫుట్‌బాల్, వాలీబాల్, కబడ్డీ ఆడినవారు ఎందరో ఉన్నారు. మీ ఇంట్లో ఇనప్పెట్టె అడుగున ఆ ఫోటోలు, సర్టిఫికెట్లు ఉండే ఉంటాయి. ఫోటో వెనక ఎవరెవరు నిలుచున్నారో, ఏ సంవత్సరమో రాయండి. మన పత్రికకు నకలు పంపండి. మన తరువాత ఆ ముఖాలకు పేర్లు చెప్పగలిగేవారు ఉండరు.

రెండోది. ఒక చిన్న క్రీడాసంఘం పెడదాం. ఏ శాఖ పేరూ వద్దు, ఏ నాయకుడి పేరూ వద్దు, ఊరి పేరు పెడదాం. పెన్షనరు, కిరాణాకొట్టు యజమాని, ఆటో నడిపే అబ్బాయి, పిల్లల తల్లిదండ్రులు, ఎవరైనా నెలకు రెండు టీల ఖర్చు చందా కట్టి సభ్యులు కావాలి. ఏటా ఒకసారి సభ జరపాలి, లెక్కలు చదివి వినిపించాలి, ఓటు వెయ్యాలి. ఆడపిల్లలకూ, మగపిల్లలకూ ఇద్దరికీ జట్లుండాలి. మొదటి ఏడాది నాలుగు బంతులు, ఒక గాలిపంపు, సెలవురోజుల్లో నేర్పే ఒక సారు ఉంటే చాలు. పెన్యరోల్‌ను మొదలుపెట్టింది 118 మంది. ఈ హాల్లో కుటుంబాలతో కలిపి మనం అంతకంటే ఎక్కువే ఉన్నాం.

మనం బతికే ఉన్నామని ఏటా ట్రెజరీకి జీవన ప్రమాణ పత్రం ఇస్తాం. అది ఇస్తేనే పెన్షను. జట్టు బతికి ఉందనడానికి కూడా ఏటా చందా రసీదులు, సభ మినిట్సు ఉండాలి. సిటీ పోలీస్ జట్టు కోసం ఆ పత్రం ఇచ్చేవారు లేకపోయారు. మన పిల్లల జట్టు కోసమైనా మనం ఇద్దాం.

సభ అనంతరం నోటుపుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గరే ఉంటాను. పేరు రాయించదలచినవారు రాయించవచ్చు. మొదటి పేరుగా నాది రాశాను, రెండో పేరు మా ఇంటావిడది.