మా బతుకు రాసుకున్న కాగితం మాకూ ఒకటి ఇవ్వండి

(వలసలపై అధ్యయనం చేస్తున్న పరిశోధక విద్యార్థులతో హిందూపురంలో జరిగిన సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మేము హైస్కూలు దాటి చదివిన వాళ్లం కాదు. మీకు పాఠం చెప్పేంత చదువు మాకు లేదు. అయితే మీరు రాసే పుస్తకాల్లో ఉండేది మా బతుకే. కాబట్టి దాన్ని ఎట్లా రాయాలో నాలుగు మాటలు చెప్పే హక్కు మాకుందని అనుకుంటున్నాం.

ముందు మా నేల సంగతి. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. వాన తక్కువ జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత మనదేనని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాను విడదీశారు. మన మూడు పట్టణాలూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారింది గానీ మేఘం మారలేదు. ముంగారు వానకు చెనిక్కాయ విత్తుతాం. ఊడలు దిగే వేళకు వాన మొగం చాటేస్తుంది. కాయలో గింజ ఉండదు గానీ, విత్తనానికీ ఎరువుకూ బోరుకూ చేసిన అప్పు మాత్రం నిండుగా ఉంటుంది. కార్తీకం దాటేసరికి ఊళ్లో పని అయిపోతుంది. హిందూపురంలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి బెంగళూరులో బేల్దారి పనికి సిమెంటు మోయొచ్చు. ధర్మవరంలో మగ్గం ఆగిపోయిన నేతగాడిదీ అదే దారి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, మంచిదే. చదువుకున్న పిల్లలు కొందరు పనికి పోతున్నారు. కానీ నలభై దాటి, చేతిలో మడక తప్ప వేరే పని తెలియని రైతును ఏ ఫ్యాక్టరీ పిలుస్తుంది?

చరిత్రలో ఒక చిత్రం ఉంది. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక తిరుమలరాయలు హంపి విడిచి తలదాచుకోవడానికి వచ్చింది మన పెనుకొండకే. రాజుకు నీడ ఇచ్చిన ఊరు, ఈరోజు తన బిడ్డలకు నీడ ఇవ్వలేక పరాయి రాష్ట్రానికి పంపుతోంది. శరణార్థి అంటే ఎవరో 1951లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం రాసుకుంది. మతం, జాతి, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో హింసకు భయపడి దేశం దాటినవాడు అని దాని సారాంశం. కరువుకు భయపడి తాలూకా దాటినవాడికి అందులో చోటు లేదు. మాకు ఆ పేరు కావాలని అడగటం లేదు. ఏ పేరూ లేకపోతే ఏ లెక్కలోకీ రామనే మా బాధ.

లెక్క సంగతి చూడండి. 2011 జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా చేశారు. మా ఊళ్లలో తలుపులకు తాళాలు వేలాడే నెల అది. 2007-08లో జాతీయ నమూనా సర్వే వాళ్లు తాత్కాలిక వలసను లెక్కించారు. నెల రోజులకు తగ్గకుండా, ఆరు నెలలు మించకుండా పనికి పోయినవాళ్లనే దాని కింద రాశారు. మరి కార్తీకంలో పోయి మళ్లీ విత్తనం వేళకు వచ్చేవాడు ఏడు నెలలు బయటుంటాడు. వాణ్ని ఎందులో రాస్తారు? పూర్తిగా పోయినవాడు కాదు, కొన్నాళ్లు పోయినవాడూ కాదు. ఊరికీ పట్నానికీ మధ్య రైల్లో ఉన్నట్టే, లెక్కకూ లెక్కకూ మధ్య మిగిలిపోతున్నాడు.

దీని ఫలితం 2020లో చూశాం. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. మావాళ్లు పిల్లల్ని చంకనేసుకుని బెంగళూరు రోడ్డు వెంట నడిచారు. అదే ఏడాది సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, దారిలో చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని కేంద్రం చెప్పింది. లెక్క లేని చావుకు పరిహారం ఎక్కడిది?

అందుకే పరిశోధకులు కావాలి. మీరు రావద్దని మేము అనం. మంచి పని చేసినవాళ్లు ఉన్నారు. 1975లో ఇక్రిశాట్ వాళ్లు పాలమూరు జిల్లాలో ఔరేపల్లి, దోకూరు గ్రామాల్లో అధ్యయనం మొదలుపెట్టినప్పుడు, సర్వే చేసేవాళ్లను ఆ ఊళ్లలోనే మకాం ఉంచారు. ఏళ్ల తరబడి అవే కుటుంబాల జమాఖర్చులు రాశారు. 2005 డిసెంబరులో మన రాప్తాడు మండలం బుక్కచెర్లలో వ్యవసాయ అధ్యయనాల ఫౌండేషన్ వాళ్లు ఇంటింటికీ తిరిగి ప్రతి ఇంటినీ రాసుకున్నారు. ఆ పుస్తకం 2010లో వచ్చింది. ఆ సర్వే తర్వాత రెండు నెలలకే, 2006 ఫిబ్రవరి 2న, ఇదే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. పల్లె బాధ కాగితం మీదికి ఎక్కితేనే పట్నంలో చట్టంగా మారుతుందని మేము నమ్ముతాం.

మరి ఇబ్బంది ఎక్కడ? రాబర్ట్ ఛాంబర్స్ అనే ఆయన 1983లోనే రాసినాడంట. పల్లెలు చూడటానికి వచ్చే చదువరులు తారురోడ్డు పక్క ఊళ్లే చూస్తారు, వాతావరణం బాగున్న నెలల్లోనే వస్తారు, పెద్దమనుషులతోనే, మగవాళ్లతోనే మాట్లాడతారు అని. మీలో ఒకరు ఈ సంగతి చెప్పినప్పుడు మేము నవ్వుకున్నాం. ఆయన మా ఊరు చూసి రాసినట్టే ఉంది. హైవే దిగగానే ఉన్న ఊళ్లలో ఒకే ఇంటికి నలుగురు వచ్చి అవే ప్రశ్నలు అడిగిపోయినారు. మడకశిర కొండల వెనకున్న పల్లెకు ఒక్కరూ రాలేదు. ఒక అవ్వ, కాగితాలు పట్టుకుని వచ్చిన అమ్మాయిని అడిగింది: "పాపా, పోయినోళ్లను అడగల్ల గదా, మిగిలినోళ్లను అడిగితే ఏమొస్తాది?" ఆ అమ్మాయి సిగ్గుపడింది. మంచి పిల్ల. ఆ మరుసటి వారమే బెంగళూరులో రేకుల షెడ్ల దగ్గరికి పోయి కూర్చుంది.

ఇప్పుడు అసలు మాట. పెనుకొండ దగ్గరి ఒక ఊరి సంగతి. ఊరి పేరు, మనిషి పేరు చెప్పం. ఉగాదికి ఇంటికొచ్చిన ఒక బేల్దారి కూలీ దగ్గర ఒక పరిశోధకుడు రెండు గంటలు కూర్చున్నాడు. ఏ మేస్త్రీ కింద పని, ఏ ఏరియాలో, కూలి ఎంత, ఎన్ని నెలలు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, అన్నీ రాసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ అబ్బాయి సారువ మీది నుంచి పడి చనిపోయినాడు. రాత్రికి రాత్రి శవాన్ని బండిలో పంపించి, చేతిలో కొంత డబ్బు పెట్టి, మేస్త్రీ ఫోను ఆపేశాడు. పరిహారం అడుగుదామని పోతే, అక్కడ పని చేసినట్టు రుజువేదీ అన్నారు. అంతర్రాష్ట్ర వలస కూలీకి కాంట్రాక్టరు ఫోటోతో పాస్‌బుక్ ఇవ్వాలని 1979 చట్టం చెప్పింది. ఇన్నేళ్లలో మా కంటికి అట్లాంటిది ఒక్కటీ కనబడలేదు. హాజరు చీటీ లేదు. కూలి చేతికి నగదు.

అప్పుడు ఆ పిల్లోడి భార్య అంది: "ఆ సారు అంతా రాసుకున్యాడు గదన్నా, ఆయప్పను అడగండి."

వెతికాం. ఆయన ఇచ్చిన నంబరు పనిచేయలేదు. చాన్నాళ్లకు ఆయన రాసిన నివేదిక ఎవరో చూపించారు. అందులో ఆ అబ్బాయి ఉన్నాడు, పేరుతో కాదు, ఒక అంకెతో. పేరు దాచడం మీ చదువులో నియమమని తెలుసు. మంచి నియమమే, మేస్త్రీ కోపం నుంచి కూలీని కాపాడుతుంది. ఆయన తప్పు చేశాడని మేము అనటం లేదు. ఆ కాగితం ఉంటే పరిహారం వచ్చి తీరేదనీ అనం. కానీ మేస్త్రీ పూర్తి పేరు, పని చేసిన చోటు, వెంట ఉన్నవాళ్ల ఊర్లు, పట్టుకోవడానికి ఒక కొస దొరికేది. అతని నోటి మాటే, అతని ఇంట్లో లేకుండా పోయింది.

కాబట్టి మేము అడిగేది పెద్ద కోరిక కాదు. మా ఇంట్లో కూర్చుని రాసుకున్నదానికి ఒక నకలు తెలుగులో మా ఇంటికే ఇచ్చిపోండి. మీ పుస్తకంలో అంకె ఉండనీయండి, మా పెట్టెలో పేరు ఉండాల. రెండోది, తాళాలు వేలాడే నెలల్లో రండి. తాళం ఉన్న ఇంటిని వదిలేయకుండా, ఆ తాళం చెవి ఎక్కడుందో కనుక్కుని అక్కడికి పోండి. మూడోది, రాసింది అయిపోయాక ఒకసారి తిరిగొచ్చి రచ్చకట్ట మీద చదివి వినిపించండి. తప్పుంటే అక్కడే దిద్దుతాం.

మీకు చెప్పి మేము తప్పించుకుంటే న్యాయం కాదు. మా సంఘం తప్పూ ఉంది. ఏళ్ల తరబడి వినతిపత్రాల్లో "వేలాది మంది వలస పోతున్నారు" అని రాస్తూ వచ్చాం. ఒకసారి ఒక అధికారి, "ఎంతమంది? పేర్లున్నాయా?" అని అడిగాడు. మా దగ్గర లేవు. తల వంచుకుని వచ్చాం. నినాదం ఉంది గానీ నోటుబుక్కు లేదు.

ఈ ఏడాది నుంచి ప్రతి గ్రామ శాఖలో ఒక నోటుబుక్కు పెడుతున్నాం. ఎవరు పోయినారు, ఏ తేదీన, ఎక్కడికి, మేస్త్రీ పేరు, ఫోను, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు. ఇష్టపడి చెప్పినవాళ్లవే రాస్తాం. అదే వివరం ఒక చీటీ మీద రాసి ఇంట్లో ఇస్తాం. రాబోయే జనగణన 2027 మార్చి 1 నాటి లెక్క. అంటే మళ్లీ మావాళ్లు ఊళ్లో లేని కాలమే. లెక్కలవాళ్లు తాళం చూసి వెళ్లిపోకుండా ఆ నోటుబుక్కు పట్టుకుని వాళ్ల వెంట తిరుగుతాం. ఆ రాత పనిలో మాకు మీ సాయం కావాల. ఏది ఎట్లా రాస్తే రుజువుగా నిలుస్తుందో మీకు తెలుసు. ఏ ఇంటి తలుపు తట్టాలో మాకు తెలుసు.

మీరు పరీక్ష పాసై పట్టా తీసుకోండి, సంతోషం. ఆ పట్టాలో మా వాటాగా ఒక్క కాగితం ఇచ్చిపోండి.

సెలవు.