మన జిల్లా చిత్రకారుడు, మన బాలల గది
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవమునకై పోగైన సొమ్ములో బాలల గదికి టెలివిజను కొనవలెనని కొందరును, అది వచ్చినచో పుస్తకము ముట్టువా డుండడని కొందరును కొన్నాళ్ళుగా వాదించుచున్నారు. పద్దులు వ్రాసికొను వాడు బొమ్మల సంగతి యెత్తుటేమని మీరు నవ్వవచ్చును, నవ్వినను తప్పులేదు. కాని యీ తగవు తీర్చుటకు ముందు మన పాత కరీంనగరము జిల్లాలో పుట్టిన యొక చిత్రకారుని జీవితమును కొంత తెలిసికొనుట మేలని నాకు తోచినది. ఆయన తోట వైకుంఠముగారు.

వైకుంఠముగారు 1942లో వేములవాడ ప్రాంతపు బూరుగుపల్లిలో జన్మించిరి. ఆనాడు పల్లెలలో టెలివిజను మాట నెవరును వినలేదు. ఊరూరు తిరుగు భాగవతుల మేళములు వచ్చెడివి. మగవారే ముఖమున అర్దళము పూసికొని, చీర కట్టి, సవరము పెట్టి, ఆడువేషము ధరించి ఆడుచుండెడివారు. ఆ వేషములను చూచి చిన్నతనమున మైమరచితినని వైకుంఠముగారే పెద్దవారైన పిదప చెప్పుకొనిరి. విష్ణుధర్మోత్తర పురాణమున వజ్రుడను రాజు మార్కండేయ మహామునిని విగ్రహ నిర్మాణము నేర్పుమని యడుగును. చిత్రము తెలియక విగ్రహము తెలియదనియు, నృత్యము తెలియక చిత్రము తెలియదనియు, వాద్యము, గీతము తెలియక నృత్యము తెలియదనియు ముని క్రమముగా చెప్పును. ఏ శాస్త్రమును చదువక మునుపే ఆ క్రమము బూరుగుపల్లి పిల్లవానికి నడివీథిలో దొరకినది. అందులకు చందా కట్టనక్కరయు లేకపోయెను.

తరువాత హైదరాబాదు లలితకళా కళాశాలలో చదివి, 1970వ దశకపు తొలి సంవత్సరములలో బరోడా వెళ్ళి కె. జి. సుబ్రహ్మణ్యన్‌గారి కడ శుశ్రూష చేసిరి. ఈ గురువుగారిని గూర్చి యొక మాట చెప్పక పోలేను. 2012లో పద్మవిభూషణ బిరుద మందిన యంతటి కళాకారుడయ్యు, ఆయన పిల్లలకై బొమ్మల పుస్తకములు వ్రాసి చిత్రించెను, ఆటబొమ్మలు చేసెను. పిల్లలకు చేయు పని తక్కువపని యనుకొనలేదు. మనలోనో, చదువు కొంచెము హెచ్చగానే పిల్లల పుస్తకము చేతబట్టుటకు సిగ్గుపడువారే యెక్కువ.

శిష్యుడును ఆ త్రోవనే నడచెను. వైకుంఠముగారు హైదరాబాదు జవహర్ బాలభవనములో పిల్లలకు చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయులుగా పనిచేసిరి. అప్పటికి ఆయన పేరు బజారున పలుకలేదు. ఆయన తొలి చిత్రములు బొగ్గుతోను, పెన్సిలుతోను గీసినవి. రంగుల తోట తరువాత పూచినది. పిల్లల నడుమ కూర్చున్న ఆ దినములు ఆయన చేతి కేమి యిచ్చినవో కొలుచుటకు నాకడ తూకపురాళ్ళు లేవు. కాని పసివాడు రంగును కలిపి పలుచన చేయడు. ఎరుపైన ఎరుపే, పసుపైన పసుపే పెట్టును. వైకుంఠముగారి ప్రసిద్ధ చిత్రములందును అట్టి నిండు రంగులే కనబడును.

ఆ చిత్రము లెవరివి? మన తల్లులవి. తన తల్లి మొదలుగా తన పల్లెలో చూచిన స్త్రీలను ఆయన వ్రాసెను. నల్లని నిండు మేను, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, పెద్ద అంచు చీర, ముక్కున ముక్కెర, భుజమున రామచిలుక. పక్కన నామములు దీర్చిన పురుషులును కనిపింతురు. అందరి ముఖములు నొక్క తీరుననే యున్నవని ఆక్షేపించు వారు కలరు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను బతుకమ్మ చుట్టు తిరుగు అమ్మలక్కలను కొంత దూరమున నిలిచి చూడుడు. అందరును ఒక్కతీరుననే కనబడుదురు, ఏ యిద్దరును ఒకటి కారు. పొలమున నాటువేయు చేతులను ఇంత గౌరవముతో గోడపై నిలిపినవారు ఆయనకు ముందు మనలో అరుదు.

బి. నరసింగరావుగారి 'దాసి' చిత్రమునకు ఆయన కళాదర్శకత్వము వహించి 1988వ సంవత్సరపు జాతీయ పురస్కారము పొందిరి. దొరల గడిలో దాసిగా బ్రతికిన స్త్రీ కథ యది. గడి యన నేమో మన పెద్దలకు వేరుగా చెప్పనేల?

ఇక టెలివిజను. దానిని నేను నిందింపను. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు అమెరికావారి ఉపగ్రహ సహాయమున ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను చేర్చిరి. ఉదయము బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలము అందరికిని రెండున్నర గంటలు కార్యక్రమములు సాగెను. తెలుగునాట మెదకు, మహబూబునగరము మున్నగు జిల్లాల పల్లెలకు ఆ భాగ్యము కలిగెను. మన జిల్లాకు కలుగలేదు. బడి గడప దాటని పసివాడు సముద్రమును చూచుట సామాన్యమా! కాని గడువు తీరగానే ఉపగ్రహము మరలింపబడెను. తెరపై వచ్చు బొమ్మ యట్టిది. పంపువాడు పంపినంత కాలమే వచ్చును. భాగవతుల మేళమో, వేషగాడు ముఖము కడిగికొనుచుండగా పిల్లవాడు దగ్గర నిలిచి అర్దళమును వ్రేలితో తాకి చూచుకొనవచ్చును.

పుస్తకము మాత్రమే చాలునను పెద్దలకు కురిక్యాల బొమ్మలగుట్టను జ్ఞప్తి చేయుచున్నాను. వేములవాడ చాళుక్యుల ఆస్థానకవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో అచట సంస్కృత, కన్నడ, తెలుగు పద్యములు చెక్కించెను. తెలుగు కంద పద్యములలో మిక్కిలి ప్రాచీనమైనవి యవియే. ఆ బండపైననే జైన మూర్తులును కలవు. అక్షర మంత గొప్పదైనను జనులు దానిని పద్యాలగుట్ట యనలేదు, బొమ్మలగుట్ట యనిరి.

కావున నా మనవి యిది. టెలివిజను కొనదలచినచో కొనుడు. వచ్చే ఏడాది కొనినను మునుగునది లేదు. ముందుగా బాలల గది తూర్పుగోడను పిల్లలకు విడిచిపెట్టుడు. ఆదివారము పూట యేమి గీసినను పెద్దలెవరును దిద్దరాదు. గోడ నిండినప్పుడు మరల సున్నము వేయవచ్చును. కాగితములకు, కుంచెలకు అగు ఖర్చును ప్రత్యేకముగ నొక పద్దు తెరచి నేను వ్రాయుదును. సున్నము, పసుపు అంగట దొరకును. జాజు మా యింట రెండు తట్టలున్నది, రేపే పంపించెదను.